సరిచూడగల మాట

“ఈ వాక్యం తప్పు కాబట్టి అభిప్రాయమే కదా టీచర్?” అని ఈ రోజు ఆరో తరగతి పిల్లవాడొకడు అడిగాడు.

బోర్డు మీద నేను రాసింది ఇది: “ప్రకాశం జిల్లా 1956లో ఏర్పడింది, మన రాష్ట్రంలో అన్నిటికంటే అందమైన జిల్లా ఇదే.” మొదటి సగం తప్పు. ఒంగోలు జిల్లాగా 1970లో ఏర్పడి, 1972లో ప్రకాశం పంతులు గారి పేరు పొందింది. అయినా అది అభిప్రాయం కాదు, పుస్తకం తెరిచి సరిచూడగల మాట. రెండో సగాన్ని మాత్రం ఏ పుస్తకమూ తేల్చి చెప్పజాలదు.

‘నిజమా, అబద్ధమా’ అని అడగడం పిల్లలకు తొందరగానే నేర్పుతాం గానీ, అంతకంటే ముందు రావలసిన ‘దీన్ని సరిచూడవచ్చా’ అన్న ప్రశ్నను నేర్పము.

అభిప్రాయం తక్కువదని కూడా వాళ్ళు అనుకోకూడదు. అందుకే ఆ రెండో సగానికి కారణాలు రాసుకుని రమ్మన్నాను.