లంగరు వేయకుండా రేవులోకి

సరుకు ఓడల మీద పనిచేసేవాళ్లకు ఇది మామూలే. పూర్తి వేగంతో వస్తాం, రేవు బయట లంగరు వేస్తాం, బెర్త్ (రేవులో ఓడ నిలిపే చోటు) ఎప్పుడు ఖాళీ అవుతుందా అని రోజుల తరబడి చూస్తాం. రాత్రి ఓడ నడిపే బ్రిడ్జి మీద నిలబడితే చుట్టూ పాతిక ముప్ఫై ఓడల దీపాలు. అన్నీ మాలాగే పరుగెత్తుకొచ్చినవే. నిలబడినంతసేపూ జనరేటర్లు తిరుగుతూనే ఉంటాయి, పొగ వస్తూనే ఉంటుంది. కెప్టెన్‌నయ్యాక ఆ దీపాలు చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

ఒక ప్రయాణంలో ఇంకా 3,240 సముద్రపు మైళ్లు ఉండగా రేవులోని మా ఏజెంటు మెయిల్ పెట్టాడు, బెర్త్ 30 గంటలు ఆలస్యమని. మా వేగం 13.5 నాట్లు, అంటే గంటకు అన్ని సముద్రపు మైళ్లు. సరిగ్గా పది రోజుల దారి. 12కి దించితే ఆ 30 గంటలూ దారిలోనే సరిపోతాయి. ఇంజిన్‌కు కావలసిన శక్తి దాదాపు వేగం ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి, రోజుకు 30 టన్నుల ఇంధనం తాగే ఇంజిన్‌కు 21 చాలు.

లెక్క పది నిమిషాల్లో తేలింది. అనుమతికి ఒకటిన్నర రోజు పట్టింది. ఓడ వీలైనంత త్వరగా చేరాలని ఓడ యజమానికీ సరుకువాళ్లకూ మధ్య ఒప్పందంలో ఉంటుంది. కావాలని నెమ్మదిస్తే మాట తప్పినట్టే. పైగా రేవు చేరి, సిద్ధంగా ఉన్నామని నోటీసు ఇస్తేనే సరుకు ఎక్కించే, దించే గడువు లెక్క మొదలవుతుంది. గడువు దాటితే ఓడ యజమానికి డెమరేజ్, అంటే ఆలస్యానికి పరిహారం వస్తుంది. ఆలస్యంగా చేరితే అది పోతుందని యజమాని భయం. నెమ్మదించినందుకు తామెందుకు చెల్లించాలని సరుకువాళ్ల ప్రశ్న. ఇలాంటి చిక్కు కోసమే ఓడల వ్యాపార సంఘం బిమ్కో 2021లో ఒప్పందాల్లో చేర్చుకునే ఒక క్లాజు తయారుచేసింది. దాన్ని ముందు పెట్టుకుని, అదనపు సమయానికి ఎంత ఇవ్వాలో యజమానీ సరుకువాళ్లూ రాసుకున్నారు. నోటిమాట మీద వేగం తగ్గించవద్దని తోటి కెప్టెన్లకు గట్టిగా చెబుతాను. రేపు గొడవొస్తే లాగ్‌బుక్‌లో సంతకం మనది.

ఈలోగా పాత వేగంతోనే 486 మైళ్లు వచ్చేశాం. కొత్త లెక్కకు 11.8 నాట్లు.

పన్నెండు గంటల దూరంలో ఉండగా రేవు బెర్త్ సమయాన్ని మళ్లీ మూడు గంటలు వెనక్కి జరిపింది. ఇక ఇప్పుడెందుకులే అనిపిస్తుంది ఎవరికైనా. కానీ ఆఖరి 12 గంటల వేగం సరిచేసుకున్నా కంటెయినర్ ఓడలకు సగటున 4 శాతం పైగా ఇంధనం మిగులుతుందని, ప్రయాణమంతా చేస్తే 14 శాతమని ఐక్యరాజ్యసమితి సముద్ర రవాణా సంస్థ ఐఎంఓ ప్రాజెక్టు కింద 2022లో వచ్చిన అధ్యయనం తేల్చింది. మాది కంటెయినర్ ఓడ కాదు, అయినా తగ్గిద్దామన్నాను.

"సార్, మరీ దించితే మసి పడుతుంది" అన్నాడు చీఫ్ ఇంజినీర్. 9.4 చాలన్నాను. వేగం తగ్గినప్పుడు ఇంజిన్‌కు గాలి అందించే బ్లోయర్లు వాటంతట అవే ఆన్ అయ్యాయి. ఎగ్జాస్ట్ వేడి చూస్తూ అరగంట అక్కడే నిలబడి, సరే అన్నాడు.

తెల్లవారుజామున, ఓడను రేవులోకి నడిపించే పైలట్ నిచ్చెన ఎక్కి వచ్చేసరికి మా లంగర్లు ఇంకా కట్టే ఉన్నాయి. మిగిలిన ఇంధనం 50 టన్నుల పైచిలుకు, అంటే గాలిలో కలవకుండా ఆగిన కార్బన్ డయాక్సైడ్ 150 టన్నులకు పైనే.

తర్వాతి రేవుకు నాలుగుసార్లు మెయిల్ పెట్టాను, బెర్త్ సమయం చెప్పమని. వస్తే చూద్దామన్నారు. నాలుగు రోజులు లంగరు మీదే ఉన్నాం.