చాప చంకన పెట్టుకుని బడికి

నిన్న మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతుర్ని మూడో తరగతిలో చేర్పించడానికి దగ్గర్లోని సర్కారు బడికి వెళ్లాను. మూడు గదులు, ఐదు తరగతులు. ఒక క్లాసు వరండాలో, ఇంకోటి వేపచెట్టు కింద. అడ్మిషన్ రిజిస్టర్ పేజీలన్నీ నిండిపోయి, అట్ట లోపలివైపు కూడా పేర్లు రాశారు. "చేర్చుకోవడానికేం లేదమ్మా, కూర్చోబెట్టడమే టెన్షన్" అన్నారు హెడ్‌మాస్టర్ గారు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు!

హైదరాబాద్ పడమటి వైపు మణికొండ, నార్సింగి లాంటివి 2018లో మున్సిపాలిటీలయ్యాయి. అంతకుముందు గ్రామ పంచాయతీలే. పంచాయతీల నాటి బడుల మీద ఇప్పుడు టవర్ల నీడ పడుతోంది. ఆ టవర్లు కట్టే కూలీల పిల్లలు, మన ఇళ్లలో పనిచేసేవాళ్ల పిల్లలు వచ్చేది ఈ బడులకే.

కిలోమీటరు లోపు ప్రాథమిక పాఠశాల ఉండాలన్నది విద్యాహక్కు నిబంధన. సరే, ఉంది. కానీ టీచరుకో గది, 30 మందికో టీచరు ఉండాలని కూడా అదే చట్టం చెబుతుంది కదా? ఉన్న బడికి సున్నం వేసి, ఒక గది కలిపితే సరిపోయే జనాభా కాదిది. కొత్త బడే కావాలి. లేఅవుట్ గీసేటప్పుడే దానికి జాగా వదలాలి. క్లబ్‌హౌస్‌కి వదులుతున్నాం మరి!

పాప ఇవాళ పొద్దున్నే చిన్న చాప చుట్టి చంకన పెట్టుకుని బయల్దేరింది. చెట్టు కింద చీమలుంటాయట.