గీజర్‌కి టైమర్ పెట్టించాం

మాది పలాస. నాన్నగారు తెల్లవారుజామునే లేచి గీజర్ వేస్తారు. చేతికి పేపర్ వచ్చిందంటే ఆపడం గుర్తుండదు. థర్మోస్టాట్ ఉంది కాబట్టి నీళ్లు మరిగిపోవు గానీ, చల్లారినప్పుడల్లా మళ్లీ కాగుతూ మధ్యాహ్నం దాకా కరెంటు తింటూనే ఉంటుంది. 15 లీటర్లు, 2000 వాట్ల గీజర్. చలికాలంలోనూ అరగంటలోపే కాగిపోతుంది. మిగతాదంతా దండగే కదా అని టైమర్ పెట్టిద్దామనుకున్నాను.

కాశీబుగ్గలో ఒక షాపతను ప్లగ్గులో పెట్టే టైమర్ చూపించి "అన్నిటికీ ఇదే బాబూ" అన్నాడు. వెనక చూస్తే 6 ఆంప్స్ వరకే అని ఉంది. మా గీజర్ లాగే కరెంటు, 2000ని 230 వోల్టులతో భాగిస్తే, దాదాపు 8.7 ఆంప్స్ వస్తుంది. సీరియల్ లైట్లకైతే సరేగానీ గీజర్‌కి పెడితే కాలిపోతుంది. ఇంకో షాపులో 16 ఆంప్స్‌ది దొరికింది. డయల్ చుట్టూ 96 పళ్లు, ఒక్కోటి పావుగంట. ఎన్ని పళ్లు నొక్కితే అన్ని పావుగంటలు.

ఇందులోనూ రెండు రకాలు. బ్యాటరీ లేనిదైతే కరెంటు పోగానే గడియారం ఆగిపోతుంది, వచ్చాక ఆగిన చోటి నుంచే తిరుగుతుంది. రాత్రి రెండు గంటలు కరెంటు పోయిందనుకోండి, అయిదింటికి కాగాల్సిన నీళ్లు ఏడింటికి కాగుతాయి. మా వైపు కోతల సంగతి తెలిసినవాళ్లు బ్యాటరీదే కొంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పటిలా రోజుల తరబడి కరెంటు పోతే ఏ బ్యాటరీ అయినా అయిపోతుందనుకోండి, అప్పుడు వేడినీళ్ల బెంగ కూడా ఉండదు.

బిగించడానికి మా వీధి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మెయిన్ ఆపేసి, టెస్టర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టాడు. నేను నాలుగు వైర్లు కలిపేస్తే అయిపోతుందనుకున్నాను. "ఏటి బావూ, గడియారం దారి వేరు, గీజర్ దారి వేరు" అన్నాడు. గడియారానికి ఇచ్చిన కరెంటు దానంతటది గీజర్‌కి వెళ్లదట. అందుకే ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) నుంచి వచ్చిన ఫేజ్‌ని గడియారానికి ఇచ్చి, అక్కడి నుంచే చిన్న వైరు ముక్కతో, గీజర్ దారి మొదలయ్యే 'కామన్' టెర్మినల్‌కీ కలిపాడు. ఆ ముక్క కూడా 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరే, ఎందుకంటే గీజర్ లోడంతా దాని మీదుగానే పోతుంది. టైమర్ ఆన్ అయినప్పుడు కలిసే టెర్మినల్ నుంచి గీజర్‌కి ఫేజ్. న్యూట్రల్ గడియారానికొకటి, గీజర్‌కొకటి. ఎర్త్ జోలికి పోలేదు, నేరుగా గీజర్‌కే. స్క్రూలు బిగించాక ఒక్కో వైరూ లాగి చూశాడు. వదులుగా ఉంటే అక్కడే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుందట.

టైమర్ ఫేజ్‌ని ఒక్కదాన్నే తెంపుతుంది. కాబట్టి గీజర్ రిపేరుకి వస్తే టైమర్ ఆపితే చాలదు, రెండు వైర్లనీ తెంపే డబుల్ పోల్ ఎంసీబీ దించాలి. బాత్రూం బయట గోడకి అది కూడా పెట్టించాం. గీజర్ తగిలించే ముందు బల్బు పెట్టి, డయల్ చేత్తో తిప్పి చూశాడు. టక్కుమంది, బల్బు వెలిగింది.

ఇప్పుడు అయిదు నుంచి అయిదున్నర దాకా రెండు పళ్లు నొక్కి ఉన్నాయి. టైమర్‌తో పని లేకుండా ఎప్పుడూ ఆన్‌లో ఉంచే మీట ఒకటి పక్కన ఉంటుంది. సంక్రాంతికి చుట్టాలొచ్చినప్పుడు నాన్నగారు దాన్ని పైకి నెట్టారు, వాళ్లు వెళ్లాక కూడా అలాగే ఉంది. అమ్మ దాన్ని కిందికి దించి, మీద ప్లాస్టర్ అంటించేసింది.