మౌంట్ రోడ్డులో ఆ కొట్టు

చెన్నై సెంట్రల్ స్టేషన్ బయట ఆటో ఆయన మౌంట్ రోడ్డుకి మూడొందలు అన్నాడు, దండం పెట్టి మెట్రో ఎక్కేసి ఎల్ఐసీ దగ్గర దిగా. నెల్లూరు నుంచి పెళ్లి బట్టలకని వచ్చిన బ్యాచ్ మాది, మిగతా వాళ్ళంతా టీ నగర్‌లో ఉన్నారు, టీ నగర్ గురించి కొత్తగా రాసేదేముంది, జనం, చెమట, బేరాలు. నాకు మాత్రం మౌంట్ రోడ్డులో విజీపీ వాళ్ళ విక్టరీ హౌస్ అనే పాత బిల్డింగ్ చూడాలని ఎప్పట్నుంచో ఉంది.

విజీపీ అంటే మనకి గోల్డెన్ బీచ్ పార్కే కదా, స్కూల్ టూర్లో వెళ్ళి ఆ కదలకుండా నిలబడే బొమ్మ మనిషిని నవ్వించాలని కోతి చేష్టలు చేసిన బ్యాచే అందరం. వాళ్ళు అసలు పైకొచ్చింది వాయిదాల మీద సామాన్లు అమ్మి అని చాలా లేటుగా తెలిసింది. రేడియో, ఫ్యాను, ఏదైనా సరే ఇప్పుడు పట్టుకెళ్ళు, నెలనెలా కట్టు.

తమాషా ఏంటంటే అదే బిల్డింగ్ తెల్లదొరల టైంలో వైట్‌అవే లెయిడ్‌లా అనే పెద్ద కొట్టు. 1882లో కలకత్తాలో మొదలైన కంపెనీ, బొంబాయి, మద్రాసు, రంగూను, సింగపూర్ అన్నిచోట్లా బ్రాంచీలు, టోపీలు, బూట్లు, సూట్లు, ఇంటి సామాను అన్నీ దొరికేవి. కానీ అప్పు అనే మాటే లేదు, డబ్బు అక్కడికక్కడ పెట్టాల్సిందే, దాని మీద ఆ రోజుల్లో జోకులు కూడా ఉండేవి. మా వీధి చివర శెట్టిగారు గల్లాపెట్టె మీద ‘అరువు రేపు’ అని రాసి పెట్టుకున్నట్టే, కాకపోతే ఈయన కోటేసుకున్న శెట్టిగారు.

మధ్యలో ఇంకోటుంది. విజీపీ కంటే ముందు అది స్వదేశమిత్రన్ పత్రిక ఆఫీసు. హిందూ పేపర్ పెట్టినవాళ్ళలో ఒకరైన జి.సుబ్రహ్మణ్య అయ్యర్ మొదలుపెట్టిన తమిళ పత్రిక, అది కూడా 1882లోనే, 1899లో డైలీ అయింది. సుబ్రహ్మణ్య భారతి పనిచేసింది అందులోనే, కాకపోతే ఆయన రోజుల్లో ఆఫీసు ఇక్కడ కాదు. సీమ సరుకు అమ్మిన కొట్టులోకి స్వదేశీ పేరు పెట్టుకున్న పత్రిక వచ్చి కూర్చుందన్నమాట! నాకైతే ఇదే ఎక్కువ నచ్చింది. 1985లో ఆ పత్రిక కూడా మూతపడింది.

ఎదురుగా నిలబడి ఫోన్లో ఫోటోలు తీస్తుంటే పక్కనున్న పెద్దాయన ఏం తీస్తున్నావని తమిళంలో అడిగారు, నా తమిళం విని జాలేసిందేమో వెంటనే తెలుగులోకి దిగిపోయారు, వాళ్ళ తాతలది చిత్తూరు పక్కనంట, అరవ యాస కలిసిన తెలుగు వినడానికి భలే ఉంది. కాఫీ తాగుదామన్నా. చిన్న గ్లాసు ముప్పై రూపాయలు, అందులో సగం నురగే, మా ఊళ్ళో అయితే గొడవ పెట్టేవాణ్ణి.

నేను దొరల కొట్టు, పత్రిక అని చెప్తుంటే ఆయనకి పెద్దగా పట్టలేదు. “అదంతా ఏమో నైనా, మాయమ్మ ఈడ వాయిదాల మీద మిక్సీ తీసుకునింది” అన్నారు. ఇక మిక్సీ కథే అరగంట. నాయన వద్దన్నాడంట, అప్పు చేసి పచ్చడి నూరుకునేదేందని తిట్టాడంట. ఆమె ఇంట్లో చెప్పకుండా పూలు కట్టి అమ్మి ప్రతి నెలా తనే వచ్చి కట్టేదంట, రసీదులన్నీ పసుపు డబ్బాలో దాచేదంట. “ఆఖరి వాయిదా కట్టినాకనే మా నాయన ఆ మిక్సీలో చేసిన చట్నీ తిన్నాడు, అంతవరకూ రోట్లోదే కావాలనేవాడు.”

బాగా నవ్వుకున్నాం. కాఫీ డబ్బులు నేనిస్తుంటే ఆయన ఒప్పుకోలేదు, జేబులోంచి నోట్లు తీసి తనే ఇచ్చేశారు. ఈలోపు టీ నగర్ నుంచి ఫోను, చీరలకి కార్డు కావాలి, అది నా దగ్గరుంది, ఈఎంఐ ఆఫర్ ఈరోజే లాస్టంట.