అమ్మ కాలు నొక్కి చూసిన రాత్రి

ఇప్పుడు మొహం కుదుటపడింది కాబట్టి రాయగలుగుతున్నాను.

మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. 2016లో చూడ్డానికి వచ్చిన ఓ సంబంధం వాళ్లు వీధి గుమ్మం దాటకముందే "పిల్ల బాగుంది గానీ చాయ తక్కువ" అనుకున్నారు. నాకు వినబడింది. మర్నాడే మందుల షాపులో అడిగాను. ఆ అన్నయ్య ఓ చిన్న ట్యూబు తీసిచ్చి, "రాత్రిపూట రాయమ్మా, వారంలో నీకే తెలుస్తాది" అన్నాడు. నిజంగానే తెలిసింది. అదే కొంప ముంచింది.

రెండేళ్లు రాశాను. చివరికొచ్చేసరికి తెల్లబడాలని కాదు, రాయకపోతే ఉండలేక. ఒక్క రాత్రి మానితే మర్నాటికి బుగ్గలు భగ్గుమనేవి. పెళ్లికెళ్తే హ్యాండ్‌బ్యాగులో ట్యూబు, ఇంట్లో బియ్యం డబ్బాలో ఇంకోటి. తాగేవాళ్లు సీసా దాస్తారే, అలాగే.

2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది. ఉన్న ఆఖరి ట్యూబు ముందు రాత్రే చుట్టలా మడిచి పిండేశాను. కరెంటు లేదు, దారంతా కూలిన చెట్లు, కాశీబుగ్గలో షాపులు మూత. శనివారం రాత్రికి మొహం ఎర్రగా ఉబ్బి, కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. కారం పూసినట్టు మంట. మోటారు ఆడదు కాబట్టి బిందెలో మిగిలిన నీళ్లతోనే అమ్మ తడిగుడ్డ అద్దింది.

మా వైపు మొహం ఉబ్బితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కిడ్నీ. మా పెదనాన్న అలాగే పోయాడు. అమ్మ కొవ్వొత్తి దగ్గరకు జరిపి, నా చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కి, నీరు చేరి గుంట పడుతుందేమోనని చూసింది. పడలేదు. కాసేపాగి మళ్లీ నొక్కింది. తెల్లార్లూ అదే పని. ట్యూబు సంగతి ఒక్క మాట చెబితే ఆవిడ కుదుటపడి పడుకునేది. చెప్పలేదు.

నాన్న అరుగు మీంచే, "అరవై కొబ్బరిచెట్లు పోయి నేనేడుస్తుంటే నీకు మొహం గోలేటే?" అన్నాడు. జీడితోట కూడా నేలమట్టమై మనిషి మనిషిలా లేడు, తెలుసు. అయినా ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రక్తపరీక్షలో కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ మామూలుగానే ఉంది. శ్రీకాకుళంలో చర్మం డాక్టరమ్మ చూడగానే "ఏం రాస్తున్నావ్?" అంది. అమ్మ ముందే ఒప్పుకున్నాను. ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్ అట. అది చర్మాన్ని పలచబరుస్తుందట, రక్తనాళాలను బిగించి ఉంచుతుందట. ఆపగానే అవి ఒక్కసారిగా వదులై మొహం మండిపోతుంది. ఆ ఏడాది మార్చిలోనే కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. మా షాపులో ఎప్పుడూ ఏ చీటీ అడగలేదు. అతనికి నేను దండం పెట్టేదాన్ని కూడా.

"ఇది పిచ్చా మేడమ్?" అనడిగాను. ఆవిడ నవ్వలేదు. అమెరికాలో తెల్లవాళ్లు ఒళ్లు నల్లబడాలని దీపాల కింద పడుకుంటారని, కొందరు మానలేరని చెప్పింది. ఆ దీపాల అతినీలలోహిత కిరణాలు పడితే చర్మంలో బీటా ఎండార్ఫిన్ పుడుతుందట, నల్లమందు లాంటి హాయి. తరచూ పడుకునేవాళ్లకు ఆ హాయిని అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్ అనే మందు ఇచ్చి చూస్తే, కొందరికి వికారం, కంగారు పట్టుకున్నాయట. వ్యసనం అనాలా వద్దా అని డాక్టర్లలోనే ఇంకా వాదన ఉందంది. ఆ దీపాలు క్యాన్సర్ తెస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2009లోనే తేల్చినా జనం మానలేదట. నాది వేరే సంగతే, మందు తెచ్చిన మంట. కానీ అద్దం ముందు నిలబడ్డం మాత్రం ఇద్దరికీ ఒకటే అనిపించింది. వాళ్లకు నా రంగు కావాలి, నాకు వాళ్లది!

తగ్గడానికి ఏడాది పట్టింది. మందుల గురించి రాయను, ఒకరివి ఒకరికి పనికిరావు. మీ ఇంట్లో అలాంటి ట్యూబుంటే మాత్రం ఒక్కసారిగా విసిరేయకండి, దాన్ని పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి.

తగ్గాక అమ్మ మొక్కు తీర్చడానికి రథసప్తమికి అరసవల్లి వెళ్లాం. రాత్రంతా క్యూలోనే. తెల్లారి మొదటి ఎండ మొహాన పడిందో లేదో, అమ్మ గబుక్కున నా చున్నీ లాగి తల మీదుగా కప్పేసింది.

"కప్పుకోవే, ఎండ తగిలిపోద్ది!"

సూర్యనారాయణమూర్తి గుడి ముందు. వెనకున్న ముసలామె ఫక్కున నవ్వింది.