రాకర్లకు ఆయిల్ అందకపోతే: బయటి పైపు వేసే ముందు చూడాల్సినవి

టాపెట్లు సెట్ చేసిన (వాల్వ్ గ్యాప్ సరిచేసిన) కొద్ది రోజులకే పాత ఇంజిన్ మళ్లీ టకటకలాడుతుంటే, గ్యాప్ ఇంకోసారి తగ్గించకండి. టాపెట్ కవర్ తీసి ఇంజిన్‌ను ఐడిల్‌లో నడిపి చూడండి. ఒకటి రెండు నిమిషాల్లో ప్రతి రాకర్ (వాల్వును నొక్కే చేయి) తడవాలి, పక్కల నుంచి ఆయిల్ మెల్లగా కారాలి. ధారగా చిమ్మనక్కర్లేదు. కొన్ని రాకర్లు పొడిగా, నల్లగా మాడినట్టుంటే వాటికి ఆయిల్ అందడం లేదన్నమాట.

ఇలాంటప్పుడు చాలామంది ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర టీ (మూడు దారుల జాయింట్) పెట్టి, రాకర్లు ఊగే రాకర్ షాఫ్ట్‌కి బయటి నుంచి పైపు లాగేస్తారు. నా దృష్టిలో అది ఆఖరి మందు. ఆయిల్ ఎక్కడ ఆగిందో, ఎక్కడ కారిపోతోందో ముందు తేలాలి.

రాకర్ షాఫ్ట్ ఉన్న పుష్‌రాడ్ ఇంజిన్లలో (బ్లాక్‌లోని క్యామ్ పొడవాటి కడ్డీలతో రాకర్లను కదిపేవి) సాధారణంగా ఆయిల్ పంపు నుంచి ఫిల్టర్, మెయిన్ గ్యాలరీ (బ్లాక్‌లోని ప్రధాన ఆయిల్ దారి), క్యామ్ బేరింగ్ మీదుగా బ్లాక్‌లోని రంధ్రం గుండా హెడ్‌కి చేరుతుంది. అక్కడ ఒకే ఒక్క రాకర్ స్టాండ్ ద్వారా బోలు షాఫ్ట్‌లోకి వెళ్తుంది. హెడ్ పని జరిగాకే ఈ సమస్య మొదలైతే మూడు చూడండి: రంధ్రమున్న స్టాండ్ వేరేచోట బిగించారా, గాస్కెట్‌లో ఆయిల్ రంధ్రం సరిగ్గా కూర్చుందా, ఆ స్టాండ్ బోల్టు అసలుదేనా. కొన్ని ఇంజిన్లలో ఆయిల్ ఆ బోల్టు చుట్టూ ఉన్న ఖాళీలోంచే పైకొస్తుంది. నడుము సన్నగా ఉండే బోల్టు బదులు మామూలుది వేస్తే దారి మూసుకుపోతుంది.

అడ్డు పైనుందా, కిందుందా తేల్చే పరీక్ష ఇది. పంపు డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకు స్పార్క్ పంచే భాగం) షాఫ్ట్ మీద తిరిగే ఇంజిన్ అయితే, డిస్ట్రిబ్యూటర్ తీసి ఒక రాడ్‌తో డ్రిల్ పెట్టి, అది తిరిగే దిశలోనే పంపును తిప్పండి. అదే సమయంలో ఇంకొకరు క్రాంక్‌ని చేత్తో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. చాలా ఇంజిన్లలో క్యామ్ జర్నల్ (క్యామ్‌లో బేరింగ్ లోపల తిరిగే భాగం) రంధ్రం బేరింగ్ రంధ్రానికి ఎదురుగా వచ్చినప్పుడే ఆయిల్ పైకెళ్తుంది కాబట్టి, క్రాంక్ కదపకుండా చూస్తే తప్పుడు నిర్ధారణకు వస్తారు. షాఫ్ట్ విప్పేసి చూసినా హెడ్ రంధ్రంలోంచి ఆయిల్ రాకపోతే అడ్డు కిందే ఉంది. ఫోర్డ్ వై-బ్లాక్ వీ8లలో మధ్య క్యామ్ బేరింగ్ దగ్గర మడ్డి పేరుకోవడం అందరికీ తెలిసిన జబ్బే. కొత్త క్యామ్ బేరింగ్ వేసేటప్పుడు దాని రంధ్రం బ్లాక్ రంధ్రానికి కలవకపోయినా ఇదే జరుగుతుంది.

హెడ్‌లోంచి ఆయిల్ బాగా వస్తుంటే దోషం షాఫ్ట్‌దే. చివరి ప్లగ్‌లు తీయకుండా పైపైన కడిగితే లోపలి మడ్డి కదలదు. ప్లగ్‌లు తీసి, సాల్వెంట్, పొడవాటి బ్రష్‌తో లోపల తోమి, ప్రతి రంధ్రంలో తీగ దూర్చి గాలి కొట్టండి. తిరిగి పెట్టే ప్లగ్ వదులైతే ఆయిలంతా అక్కడే పోతుంది. అరిగిన బుష్‌లదీ ఇదే సంగతి: ఫీడ్‌కి దగ్గరున్న రాకర్ల దగ్గరే ఆయిల్ కారిపోయి చివరివి ఎండిపోతాయి. అరిగిపోయిన షాఫ్ట్‌ని తలకిందులు చేసి వాడకండి. రాకర్ మీద ఒత్తిడంతా షాఫ్ట్ అడుగు భాగానికే పడుతుంది, ఎక్కువ ఇంజిన్లలో ఆయిల్ రంధ్రాలు కిందికి ఉండేది అందుకే.

ఇవన్నీ సరిచేశాక కూడా బ్లాక్‌లోని దారి తెరుచుకోకపోతే అప్పుడు బయటి పైపు వేయండి, కానీ రెస్ట్రిక్టర్ (ఆయిల్ ప్రవాహాన్ని తగ్గించే సన్న రంధ్రపు జెట్) లేకుండా వద్దు. 1 నుంచి 1.5 మి.మీ. రంధ్రమున్న జెట్లలో చిన్నదానితో మొదలుపెట్టండి. అది లేకపోతే పైన ఆయిల్ నిండి వాల్వ్ గైడ్ల గుండా దిగుతుంది, నీలం పొగ వస్తుంది, కింద బేరింగులకు ప్రెషర్ పడిపోతుంది. ఫీడ్ ఫిల్టర్ దాటాకే తీసుకోండి. గట్టి రాగి పైపు వైబ్రేషన్‌కి పగులుతుంది, అల్లిక తొడుగున్న హోస్ మేలు. మెకానికల్ గేజ్ పెట్టి, ఇంజిన్ బాగా వేడెక్కాక, పైపు వేయకముందూ వేశాకా ప్రెషర్ చూడండి. 1000 ఆర్‌పీఎంకి 10 పీఎస్‌ఐ అనేది పాత ఇంజిన్లకు వాడుకలో ఉన్న లెక్క. అంతకు తగ్గితే జెట్ ఇంకా చిన్నది కావాలి, లేదా అరుగుదల బేరింగుల్లోనే ఉంది.

కవర్ మూసే ముందు హెడ్‌లోని రిటర్న్ రంధ్రాల్లో మడ్డి గీకి తీసేయండి. గీకేటప్పుడు అది సంప్‌లో (అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో) పడకుండా వాక్యూమ్‌తో లాగేయాలి.