అరవై అయిదో బైటు

పాత డెస్క్‌టాప్ నుంచి కొత్త లాప్‌టాప్‌కు మారడం ఒక్క ఆదివారంతో ముగిసే పని అనుకున్నాను కానీ, నిన్న రాత్రి పదకొండింటికి గానీ అది పూర్తి కాలేదు. రెండింటిలోనూ లినక్సే. పాపిరస్ ఐకాన్ థీమ్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెట్టగా, ఏ ఫైలు చూసినా ఒకే తెల్లకాగితం బొమ్మ కనిపించింది. ఆ థీమ్‌లో చాలా ఐకాన్లు విడి బొమ్మలు కావు, వేరే ఐకాన్ల వైపు దారి చూపే సిమ్‌లింకులు. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో సిమ్‌లింకులు నిలవవు. థీమ్‌ను ప్యాకేజీగా ఇన్‌స్టాల్ చేయగానే అది సరిపోయింది.

అసలు నష్టం ఆలోపే జరిగిపోయింది. ఏ తెల్లకాగితం దేనిదో తెలియక పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లను ఒక్కొక్కటిగా ఎడిటర్‌లో తెరిచి చూస్తూ, వాటిలో ఒకదానిలో పొరపాటున పడిన అక్షరాన్ని చెరిపి, సేవ్ చేసి మూసేశాను. అది పాస్‌వర్డ్‌లు దాచే కీపాస్ ప్రోగ్రాములోని నా డేటాబేస్‌కు కీ ఫైలు, అంటే మాస్టర్ పాస్‌వర్డ్‌తో పాటు తాళంచెవిలా కావాల్సిన ఫైలు. పాత డెస్క్‌టాప్‌ను అప్పటికే ఫార్మాట్ చేసి మేనల్లుడికి ఇచ్చేశాను. వేరే ప్రతి లేదు. బ్యాంకు, పీఎఫ్, అమ్మ పింఛను ఖాతా, అన్నింటి పాస్‌వర్డ్‌లూ ఆ డేటాబేస్‌లోనే ఉన్నాయి, అది తెరుచుకోలేదు.

తప్పు మాస్టర్ పాస్‌వర్డ్‌దో కీ ఫైలుదో తెరపై వచ్చిన సందేశం చెప్పదు. సోమవారం మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే అబ్బాయిని అడిగితే, ఫైలు వైపు చూడనైనా చూడకుండా, "పాస్‌వర్డ్ మరచిపోయి ఉంటారు సార్, ఈ వయసులో మామూలే" అని నలుగురి ముందు అన్నాడు. పదకొండేళ్లుగా రోజూ కొడుతున్న పాస్‌వర్డ్ అది. ఆ మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. పైగా కీ ఫైలుగా ఏదైనా ఫొటో పెట్టుకుంటే చాలునని సలహా ఇచ్చాడు. ఆ సలహా ఎవరూ పాటించవద్దు: ఫొటోను ఏ యాప్ అయినా తిప్పి సేవ్ చేసినా, వాట్సాప్‌లో మామూలుగా పంపి దించుకున్నా బైట్లు మారిపోతాయి, తాళం పోతుంది.

చివరికి కీపాస్ ఫార్మాట్ నియమాలు చదివాను. కీ ఫైలు సరిగ్గా 32 బైట్లుంటే దాన్నే కీగా తీసుకుంటుంది. సరిగ్గా 64 హెక్స్ అక్షరాలుంటే (0 నుంచి 9, A నుంచి F) వాటిని 32 బైట్లుగా మారుస్తుంది. ఎక్స్‌ఎంఎల్ (ట్యాగులతో రాసే పాఠ్య ఫార్మాట్) కీ ఫైలు కాని మరేదైనా అయితే మొత్తం ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ (ఫైలులోని బైట్ల నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి విలువ) కట్టి దాన్ని కీగా వాడుతుంది. నాది 64 హెక్స్ అక్షరాల ఫైలు. వెంటనే బైట్లు లెక్కపెట్టించాను: 65. సేవ్ చేసేటప్పుడు ఎడిటర్ తనంతట తానే చివర ఒక కొత్త వరుస గుర్తు చేర్చింది. దాంతో నా ఫైలు రెండో నియమం నుంచి మూడో నియమంలోకి జారి, పూర్తిగా వేరే కీ అయింది. ఆ ఒక్క బైటును కోసేశాను. అదే మాస్టర్ పాస్‌వర్డ్‌తో డేటాబేస్ తెరుచుకుంది.

అప్పటికప్పుడే కీఎక్స్ ఫార్మాట్‌కు మారాను. అది కీపాస్ ఎక్స్‌ఎంఎల్ కీ ఫైలు వెర్షన్ 2.0: అందులో కీ హెక్స్‌లో ఉంటుంది, మధ్యలో ఖాళీలున్నా చెడదు, కీ తాలూకు హాష్‌లోని తొలి నాలుగు బైట్లు కూడా అందులోనే ఉండడం వల్ల ఒక్క అక్షరం తప్పినా పట్టుబడుతుంది. చిన్నది కాబట్టి కాగితంపై అచ్చు తీయవచ్చు. రెండు ప్రతులు తీశాను. ఒకటి మా బీరువాలో, ఒకటి అమ్మ పెట్టెలో ఉన్నాయి.